తాళం ఇల్లు (తొమ్మిదో భాగం: మనవుల పుస్తకం)

గడ్డపార దెబ్బకు తాళం తెగిపడి, పంతొమ్మిది మంది ఆడపిల్లలు దగ్గుకుంటూ వీధిలోకి వచ్చిన దగ్గర పోయినసారి ఆగాం. అది ఆదివారం రాత్రి. ఇవాళ గురువారం. పొగ వాసన పోయింది గాని, చిన్న మంగళారం కొత్త కాలనీలో ఎవరి మనసూ ఇంకా కుదుటపడలేదు.

ఆ ఇల్లు అంతమ్మది. పంచాయితీ లెక్కల్లో ఒక కుటుంబం కాపురముండే మేడ. నిజానికి దాని ఎనిమిది గదుల్లో గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే ఇరవై మంది పిల్లలు కిరాయికి ఉంటారు. ఆ సంగతి పంచాయితీ పుస్తకాల్లో లేదు, ఠాణాలో లేదు. రోజూ చీకటి పడ్డాక అంతమ్మ కింది గ్రిల్ గేటుకు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంటుంది. ఆదివారం సాయంత్రం ఆరింటికే తాళం వేసి, చెవితో సహా మోకిలలో పెళ్లికి వెళ్లింది. రాత్రి పదింటికి మీటరు బోర్డు అంటుకుంది. ఆటో నడిపే ఎల్లేశ్ గడ్డపారతో ఉరికి రాకపోతే ఈ వారం కథ వేరేగా రాయాల్సి వచ్చేది. ప్రాణాలు దక్కాయి. మమత అనే పిల్లకు మాత్రం కుడిచెయ్యి కాలింది.

ఇక్కడితో గండం గడిచిందనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఎదురింటి విమలమ్మ అనుకోలేకపోతోంది.

విమలమ్మ మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బళ్లో ఆయా. ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. యాభై రెండేళ్ల మనిషి, ఇంతకాలం పడుకున్న అయిదు నిమిషాలకు గురకపెట్టేది. ఈ నాలుగు రోజులుగా రెప్ప వేస్తే గ్రిల్ గేటు కడ్డీల మధ్య పిల్లల చేతులు కనిపిస్తున్నాయి. ఇవాళ బడికి పోయి, రెండో తరగతి పిల్లల అన్నం డబ్బాలు మూడో తరగతిలో పెట్టి, టీచరమ్మ చేత చీవాట్లు తిని, సగం పూటకే ఇంటికి వచ్చేసింది. వచ్చి ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తుంటే కారోబార్ యాదగిరి సైకిలు ఆపాడు. ఊళ్లో పన్ను రసీదులు రాసేది ఆయనే. ఎవరి బర్రె ఎవరి చేలో పడ్డా మొదట తెలిసేది కూడా ఆయనకే.

"విమలక్కా, రేపు పొద్దుగాల పదింటికి మండలం నుంచి సారు వస్తున్నడు. ఇల్లు చూస్తడట. అంతమ్మ ఏం రాపిచ్చిందో ఎరికేనా? అందరు సుట్టాలేనట. ఇరవై మంది సుట్టాలు."

"పిల్లలేమన్నరు?"

"వాళ్లు గూడ గంతే. ఒకామె అంతమ్మ మా మేనత్త అన్నది. ఒకామె మా అమ్మమ్మ అన్నది. ఇంకొకామె పెద్దమ్మ అన్నది. పంచాయితీ సెక్రటరీ సారు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక చాయ్ తెప్పిచ్చుకున్నడు. పేర్లు అడుగుతే నోరు ఇప్పుతలేరు. పేర్లు లేకుంటే రేపు సారొచ్చి గోడలు చూసి పోతడు. కాగితం మీద ఏం ఎక్కది."

అని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "పేర్లు నీ తాన ఉన్నయి గదక్కా."

చీపురు ఆగిపోయింది.

"ఇస్తే ఏమైతది?" అంది విమలమ్మ.

"ఇల్లు ఖాళీ చేయిస్తరు. ఆడపిల్లలు గద, రోడ్డు మీద ఇడువరు. అమ్మనాయినలను పిలిపించి అప్పజెప్తరు. నేను ఐదింటి దాకా ఆఫీసుల ఉంట. ఇచ్చినా నువ్వే, ఇయ్యకున్నా నువ్వే. నేను నీ ఇంటికి రాలే, నిన్నేం అడగలే." ఈ మాట అని, ఊరంతా చూస్తుండగా బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

యాదగిరి చెప్పింది మనవుల పుస్తకం గురించి. ప్రతి శుక్రవారం సాయంత్రం డ్యూటీ లేని పిల్లలు విమలమ్మ అరుగు మీద కూర్చుంటారు. చర్చికి పోయేవాళ్లు నలుగురైదుగురే. మిగతావాళ్లు శనివారం ఒక్కపొద్దులుండి ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్లే. అయినా కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి, వినడానికి ఒక దేవుడు దొరికితే ఎవరు కాదంటారు? విమలమ్మ ఒక్కొక్కరి మనవీ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. వారమంతా వాటి కోసం మోకరిస్తుంది. రాసేటప్పుడు పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, ఎనిమిది గదుల్లో ఏ అర్ర, అన్నీ రాస్తుంది. "ఎవరి బిడ్డవో ఏ ఊరో సక్కగ చెప్పకుంటే దేవునికి ఎట్ల తెలుస్తదే" అని గద్దిస్తుంది కూడా. తల వెంట్రుకలు సైతం లెక్కపెట్టిన దేవుడికి ఊరి పేరు చెప్పాలా అని పాస్టరుగారు ఒకసారి నవ్వాడు. దేవుడికి అక్కర్లేకపోయినా మండలం సారుకు కావలసి వచ్చింది.

ఆ పుస్తకంలో ఏముందని! ఒక పిల్లకు అరికాళ్ల మంట తగ్గాలి. ఒక పిల్లకు ఇంగ్లీషులో కసిరే సారు మనసు మెత్తబడాలి. ఒక పిల్లకు ఇంటి దగ్గర ఖాయమైన సంబంధం తప్పిపోవాలి. ఇంకొక పిల్లకు పెళ్లయి విడిపోయిన సంగతి ఆఫీసులో పొక్కకూడదు. దేవుడికి చెప్పమని ఇచ్చిన మాటలు ఇవి. పట్టుకెళ్లి సెక్రటరీ బల్ల మీద పెడితే రేపటినుంచి ఆ పిల్లల మొహం చూడగలదా?

అప్పటినుంచి కక్కలేక మింగలేక తిరిగి, మధ్యాహ్నం రెండింటికి ఒక ఉపాయం తోచింది. తెల్లకాగితం తీసుకుని పేరు, తండ్రి పేరు, ఊరు ఇవే ఎక్కించడం మొదలుపెట్టింది. కష్టాలు పుస్తకంలోనే ఉంటాయి, పేర్లు పంచాయితీకి పోతాయి. మూడింటికి పంతొమ్మిది వరసలు అయ్యాయి. ఇరవయ్యో వరస దగ్గర పెన్ను కదల్లేదు.

అప్పుడు వెనక తలుపు చప్పుడైంది. ముప్ఫై ఏళ్లుగా ఆ తలుపు తట్టకుండా తోసుకొచ్చే మనిషి ఒక్కతే. అంతమ్మ వచ్చి, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కింద కూర్చుంది. అరవై ఏళ్లు. చేతులకు ఇంకా మట్టి వాసన పోలేదు. ముందున్న పొలం ప్లాట్ల వెంచరుకు పోగా మిగిలిన ముక్కలో కట్టింది ఆ మేడ. అదే ఆమె చేను, అదే ఆమె పంట.

"రాస్తున్నవా?"

విమలమ్మ కాగితం దాచలేదు. "రాస్తున్న అంతక్కా."

"యాదగిరి బెల్లు కొట్టుకుంట పోయినప్పుడే అనుకున్న. సదువు. నాకు అక్షరం రాదు గద, ఏం రాసినవో ఇంట."

తిడుతుందనుకుంది విమలమ్మ. ఏడుస్తుందనుకుంది. చదవమంటుందని అనుకోలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"స్వరూప. చిన్నయ్య బిడ్డ. పరిగి."

"పరిగి గాదు. పరిగిల బస్సు దిగి ఇంక ఆటో ఎక్కాలె. దానికి కారం పడది. దాని వంతు తీసినంకనే కూరల కారం ఏస్త."

"అనసూయ. కృష్ణయ్య బిడ్డ. దౌల్తాబాద్."

"నిద్రల మాట్లాడ్తది పోరి. అందుకే మూల అర్ర ఇచ్చిన. ఆ?"

"మంజుల. సాయిలు బిడ్డ. మోమిన్‌పేట."

"సాయిలు దాని నాయిన గాదు, చిన్నాయిన. నాయిన సచ్చిపోయిండు. గది ఎవ్వరికి చెప్పుకోదు."

విమలమ్మ తనకు తెలియకుండానే సాయిలు పక్కన దిద్దింది. అలా ఒక్కొక్క పేరుకూ అంతమ్మ తనకు తెలిసింది కలుపుతూ పోయింది. ఎవరికి ఎప్పుడు నడుము నొప్పి, ఎవరు తినకుండా తిన్నానంటారు, ఎవరు తమ్ముడి ఫోను వస్తే స్నానాల గదిలోకి పోయి మాట్లాడతారు. పుస్తకమూ పెన్నూ లేని మనిషి దగ్గర విమలమ్మ పుస్తకానికి రెట్టింపు ఉంది. తన మెడకు చుట్టుకునే కాగితంలో తప్పులు దిద్ది మరీ ఇస్తోందని ఆమెకు తోచిందో లేదో! విమలమ్మకు తోచింది. తోచినా చదవడం ఆపలేదు.

పంతొమ్మిది అయ్యాక అంతమ్మ అంది: "ఇందుల నా తప్పు యాడ రాసినవు?"

"తప్పులు రాయలే అక్కా. పేర్లే."

"పేర్లు పోయినంక తప్పు దాని కాళ్ల మీద అదే నడుస్తది." అంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "విమలా, ఒక్కమాట చెప్త, తర్వాత నీ ఇష్టం. ఈళ్ల నాయినలు వచ్చినప్పుడు ఏమడుగుతరో ఎరికేనా? నీళ్లున్నయా అని అడగరు. తిండెట్ల అని అడగరు. దర్వాజ ముంగట నిలవడి, అవ్వా తాళం ఏస్తవా అని అడుగుతరు. ఏస్త అంటేనే సంచి దించుతరు. పట్నం హాస్టళ్లల్ల తాళం ఎయ్యరని చెప్పి గీడిదాక తోల్కొచ్చిండ్రు. ఊర్లల్ల నా ఇంటికి పేరే తాళం ఇల్లు. నేను ఎయ్యనంటే ఈ ఇరవై మంది ఇయ్యాల కంపూటర్ ముంగట కూసుందురా? పత్తి ఏరుతుందురు."

అది అబద్ధం కాదు. అదే విమలమ్మకు మంట.

"తాళం ఏసినోళ్లు తాళం కాడ ఉండాలె గదక్కా. లోపట పిల్లలు ఒర్రుతుంటే నువ్వు మోకిలల బంతిల కూసున్నవు."

అన్నాక, అనకుండా ఉండాల్సిందనిపించింది. అంతమ్మ చాచిన కాళ్లు ముడుచుకుంది.

"కూసున్న. లడ్డు ఇంకొకటి అడిగి ఏపిచ్చుకున్న. బొడ్డుకాడ చెవి ఒత్తుకుంటుంటే, ఫికర్ లేదు పిల్లలు పదిలం అనుకున్న." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అప్పటిసంది అన్నం లోపటికి పోతలేదు విమలా. నీకు చెప్పాల్నని చెప్పలే, అడిగినవని చెప్పిన."

విమలమ్మ అంతమ్మ చేతులను చూసింది. పన్నెండేళ్ల కిందటి సంగతి. విమలమ్మ భర్త భిక్షపతి పోయిన రోజు ముసురు. సమాధుల దొడ్డికి పోయే బాట మోకాలిలోతు బురద. పెట్టె మోసేవాళ్లు జారుతున్నారు. పక్క చేను తమదే అయితే బాగుండునని అందరూ చూస్తున్నారు గాని, కోతకొచ్చిన కొత్తిమీరలో కాలు పెట్టమని ఎవరు అడుగుతారు? అంతమ్మ తనే గట్టు దిగి, మడి మధ్యలో నిలబడి, "గిట్ల రాండ్రి, నా చేన్లకెంచి తీస్కపోండ్రి" అని పిలిచింది. యాభై మంది తొక్కితే ఒక్క మొక్క మిగల్లేదు. ఆ రోజంతా విమలమ్మ చీరకు కొత్తిమీర వాసన. ఆ మాట అంతమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి ఎత్తలేదు, ఇవాళ కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే విమలమ్మకు పని సులువయ్యేది.

"ఇరవయ్యో పేరు చదువలే నువ్వు," అంది అంతమ్మ.

"ప్రేమజ్యోతి. కరుణమ్మ బిడ్డ. తాండూరు దగ్గర."

"అది వాళ్ల ఊర్లనే ఉన్నది గద. ఆదివారం పగటీలి, నేను పెండ్లికి తయారైతుంటే పోయిందట. సోమవారం లెక్క చూసి అడుగుతే పిల్లలు చెప్పిండ్రు. అదృష్టమంతురాలు, పొగ పీల్చలే."

విమలమ్మ పెన్ను ఆగింది అందుకే. జ్యోతిని ఆ ఇంట్లో చేర్చింది తనే. తాండూరు వైపు పాస్టరుగారు చీటీ రాసి పంపితే, ఎండాకాలానికి ముందు కరుణమ్మ రేకుపెట్టెతో బిడ్డను తీసుకొచ్చింది. మొగుడు లేని మనిషి, ఒక్కతే కూతురు. గుమ్మం దగ్గర నిలబడి గొణుగుతుంటే, "ఫికర్ చెయ్యకు కరుణా, రోజు తాళం ఏస్తరు" అని చెప్పి పెట్టె లోపలికి పట్టిన చేతులు విమలమ్మవి. పంతొమ్మిది వరసల దాకా ఆ కాగితం అంతమ్మ తప్పు. ఇరవయ్యో వరస రాస్తే అందులో తనూ ఉంటుంది.

తాళం బరువు తెలిసినవాళ్లం అని ఇతరులకు నీతులు చెప్పడం ఎంత తేలిక! విమలమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే కాగితం నాలుగు మడతలు పెట్టింది.

"ఇగ తాళం ఎయ్యనని మాటియ్యి అక్కా."

"ఎయ్య."

"కరెంటాయనను పిలిచి వైర్లన్ని మార్పించు. ఎనక దిక్కు ఇంకొక మెట్లు కట్టియ్యి. పిల్లల పేర్లు నువ్వే పోయి ఠాణాల రాపియ్యి. నెల టైము పెట్టు. నెలల కాకుంటే నేనే ఇస్త కాగితం."

"నెల ఎందుకు, రేపే పిలుస్త." అంతమ్మ లేవబోయి, మోకాళ్లు పట్టేసి, మళ్లీ కూర్చుంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. పంచాయితీ కాగితం ఎక్కకుండానే సంగతి తెగిపోయింది. అయినా విమలమ్మకు తేలిక కాలేదు. చీము తీయకుండా పైన కట్టు కట్టినట్టుంది.

సరిగ్గా అప్పుడే ముందు గుమ్మంలో మమత నిలబడింది. మోచేతి దాకా తెల్లకట్టు. ఇరవై ఏళ్ల పిల్ల, నాలుగు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి. అంతమ్మ వెనక తలుపు నుంచి రావడం చూసి వచ్చినట్టుంది.

"ఆంటీ, మీరు పేర్లు ఇస్తున్నరట," అంది. "ఇయ్యకుండ్రి. నా చెయ్యి కాలింది మా నాయినకు ఇంక చెప్పలే. తెలిస్తే రేపటి బస్సుకే తోల్కపోతడు. నేను టీమ్ లీడర్ టెస్టు రాసిన, రిజల్ట్ రాలే ఇంక. మా అందరి తరఫున అడగమన్నరు."

"ఇయ్యమే బిడ్డా," అంది విమలమ్మ. "ఇప్పుడే అనుకున్నం ఇద్దరం. ఇగ తాళం ఉండదు, వైర్లు మారుస్తరు. నీ పేరు యాడికి పోదు. పోయి పండుకో."

ఆ మాటకు ఆ పిల్ల మొహం వెలగాలి. వెలగలేదు. గడప మీద కూలబడి, కాలని చేత్తో మొహం కప్పుకుని ఏడ్చింది. ముసలావిడ, నడివయసావిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గీ ఏడుపెందుకే మరి? ఇయ్యమన్నం గద," అంది అంతమ్మ.

"ఇయ్యకుంటే జ్యోతి పేరు గూడ ఇయ్యరు గదవ్వా."

"జ్యోతికేమైంది? అది ఊర్ల ఉన్నది."

మమత తల ఎత్తలేదు. "పోలే. జ్యోతి ఊరికి పోలే."

విమలమ్మ దగ్గరికి వెళ్లి, గడప మీద ఆమె పక్కనే కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. "మొత్తం చెప్పు. నిమ్మలంగ చెప్పు."

"మా తాన ఇంకొక చెవి ఉన్నది ఆంటీ. అవ్వ ఒకసారి చెవి మా అర్రల మర్చిపోయింది. స్వరూప శంకర్‌పల్లి తీస్కపోయి అసొంటిదే చేయించింది. గ్రిల్ల నుంచి చెయ్యి పెట్టి తీస్తం. ఎవరికి పని ఉంటే వాళ్లు తీస్కపోయి, మల్ల వచ్చి ఏస్తం. ఆరు నెల్ల సంది."

అంతమ్మ నోరు తెరుచుకుంది. ఊరూరా పేరు మోసిన తాళం. తండ్రులు చేతులెత్తి దండం పెట్టిన తాళం. "ఆరు నెల్ల సంది," అంది మెల్లగా, "నేను ఉత్త తాళం ఏసుకుంట తిరిగిన్నానే?"

"తప్పయిందవ్వా."

"తప్పు తర్వాత. జ్యోతి యాడికి పోయింది?" అంది విమలమ్మ.

"ఆదివారం ఏడింటికి పోయింది. మొయినాబాద్ కాడ ఒకాయన కలుస్తడట, పెద్ద కంపెనీల నౌకరి కాగితం ఇస్తనన్నడట. కన్సల్టెన్సీ ఆయన అన్నది. ఆయన పేరు మాకెవ్వరికి తెల్వది. తాళం లేకుంటే ఎల్లేశన్న చూసి అవ్వకు చెప్తడని, బయటికెంచి ఏసి చెవి తీస్కపోయింది. తొమ్మిదింటికల్ల వస్త అన్నది." మమత ముక్కు తుడుచుకుంది. "తొమ్మిదిన్నర అయింది. పది అయింది. వస్తే ఎంటనే లోపటికి గుంజాల్నని నేను గేటు కాన్నే కూసున్న. మీటరు గేటు పక్కనే గద ఆంటీ. మంటలు రాంగనే మొదలు అందరు పైకి ఉరికిండ్రు. నేను పోలే. చెవి జ్యోతి తానే ఉన్నది, వస్తదని అక్కడ్నే ఉన్న."

చెయ్యి ఎలా కాలిందని నాలుగు రోజులుగా ఎందరో అడిగారు. డాక్టరు అడిగాడు, ఎల్లేశ్ అడిగాడు. కంగారులో తగిలిందని చెప్పింది. ఇప్పుడు తెలిసింది.

"దాని ఫోను?"

"ఆ రాత్రి నుంచి స్విచాఫ్."

"నాలుగు దినాలు. నాలుగు దినాలు గమ్మునున్నరానే మీరు?" విమలమ్మ గొంతు పెరిగింది.

"చెప్తే చెవి సంగతి బయటపడ్తది. చెవి బయటపడ్తే అవ్వ ఎల్లగొడ్తది, ఇంట్ల వాళ్లు తీస్కపోతరు. అగ్గి చూసి భయపడి వాళ్ల ఊరికే పోయి ఉంటదని అనుకున్నం. రోజు లేసి గట్లనే అనుకుంటున్నం ఆంటీ. ఇయ్యాల పొద్దున ఎవ్వరం ఆ మాట అనలే."

విమలమ్మ లోపలికి వెళ్లి మనవుల పుస్తకం తీసింది. పోయిన శుక్రవారం పేజీ. వరస మీద వేలు జరుపుతూ పోయింది. తన చేతిరాతే. "ప్రేమజ్యోతి, కరుణమ్మ బిడ్డ, ఆరో అర్ర. ఆదివారం నాడు పోయే పని సఫలం కావాలె."

ఏ పని అని అడగలేదు. ఎక్కడికని అడగలేదు. తల్లి పేరు, అర్ర నంబరు తప్పులేకుండా రాసుకుని, కళ్లు మూసుకుని, ఆ పని సఫలం చెయ్యమని గట్టిగా ప్రార్థించింది. ఆమెన్ అని అందరూ అన్నారు. జ్యోతి కూడా అంది. ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పే పోయింది. వినాల్సిన మనిషే దేవుడి మీద నెట్టేసి చేతులు దులుపుకుంది.

మరి ఇప్పుడు ఎవరికి చెబుతుంది? ఆఫీసులో నాలుగు రోజులు రాని పిల్లను పని మానేసిందనుకుంటారు, కొత్త పిల్లను పెట్టుకుంటారు. పంచాయితీలో ఆ ఇంట్లో కిరాయివాళ్లే లేరు. రేపు మండలం సారు వస్తే పంతొమ్మిది మంది చుట్టాలను లెక్కపెట్టుకుని పోతాడు. ప్రేమజ్యోతి అనే పిల్ల చిన్న మంగళారంలో ఉండేదని, ఆదివారం ఎక్కడికో పోయిందని చెప్పే కాగితం ఈ ఊళ్లో ఈ పేజీ ఒక్కటే. దాన్ని ఇందాక పుస్తకంలోనే దాచి, ఆ పేరు ఎవరికీ ఇవ్వకూడదనుకుంది.

"విమలా," అంది అంతమ్మ. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "ముందుగాల దాని అమ్మకు ఫోన్ చెయ్యి. పిల్లలన్నట్టు ఊర్లనే ఉన్నదేమో."

"ఉంటే దేవుని దయ. లేకుంటే ఈ పుస్తకం పంచాయితీకి గాదక్కా, సీదా ఠాణాకు. ఆ కన్సల్టెన్సీ ఆయన ఎవ్వడు, ఎన్నడు ఫోన్ చేసిండు, చెవి సంగతి, తాళం సంగతి, అన్ని చెప్పాలె. మమత చెప్పాలె. నువ్వు చెప్పాలె. జ్యోతిని చేర్పిచ్చింది నేనే అని నేను చెప్పాలె. నీ ఇల్లు ఉండది."

"ఉండకుంటే ఏమాయె," అంది అంతమ్మ. "గోడలే గద. ఫోన్ చెయ్యి నువ్వు."

మమత గుమ్మం పట్టుకుని లేచింది. "నేను చెప్త ఆంటీ. మా నాయిన తోల్కపోతే పోతడు."

విమలమ్మ సెల్లు తీసింది. కరుణమ్మ నంబరు పుస్తకం వెనక అట్ట మీద ఉంది, జ్యోతే రాసింది. చూసి నొక్కింది. ఇద్దరూ ఆమెకు దగ్గరగా వచ్చి నిలబడ్డారు. ఫోను మోగింది. ఒకసారి, రెండుసార్లు. బిడ్డ ఇంట్లో ఉంటే తల్లి గొంతు ఎలా ఉంటుందో, లేకపోతే ఎలా ఉంటుందో విమలమ్మ ముందే ఊహించుకుంటోంది. మొదట ఏం అడగాలి? ఉన్నదా అని అడిగితే, లేదని తెలియని తల్లికి అక్కడే ప్రాణం పోదా? బాగున్నవా అని మొదలుపెడదామనుకుంది.

ఆ అవసరం రాలేదు. అవతల ఎత్తీ ఎత్తగానే నవ్వు వినిపించింది.

"వందనాలక్కా. నీకు నూరేండ్లు, నేనే చేద్దామని ఫోను చేతిల పట్టుకున్న. నాలుగు దినాల సంది దాని ఫోను కలుస్తలేదు. చార్జింగు పెట్టుకోదు పోరి, నాకు తెల్వదా? పక్కింటోళ్లు పరేషాన్ అయితుండ్రు గాని నేను కాలే, మా విమలక్క తాన ఉన్నది నాకేం ఫికర్ అన్న. జర జ్యోతిని పిలువక్కా, ఒక్కసారి గొంతు ఇంట."